ఎడారిలో ఉమ్మడి బ్రతుకు

సహకారమను మాట మనకు క్రొత్తది కాదు. మన దేశమున పరపతి సంఘముల చట్టము 1904లోనే వచ్చినది. అప్పుకొరకు, ఎరువుకొరకు, పాల అమ్మకముకొరకు మనము సంఘములు పెట్టుకొనుచునే యున్నాము. అయితే తిండి, ఇల్లు, పని, రాబడి అన్నిటిని ఒక్క సంఘము చేతిలో నుంచి, అదియు వానచినుకు అరుదైన ఎడారిలో, కలిసి బ్రతుకుట వేరు మాట. అట్టి ప్రయత్నము ఇజ్రాయేలు దేశపు దక్షిణభాగమైన నెగెవ్ ఎడారిలో ఎనుబదియేండ్లుగా జరుగుచున్నది. దానినిగూర్చి నేడు కొంత తెలిసికొందము.

ఇట్టి సమష్టి గ్రామమును ఆ దేశమున కిబ్బుట్జ్ అందురు. వానిలో మొదటిదైన దెగాన్యా 1910లో గలిలయ సరస్సు ఒడ్డున వెలసినది. అచ్చట నీటికి కొదవ లేదు. నెగెవ్ సంగతి అట్లు కాదు. బీర్‌షెబా పట్టణప్రాంతమున ఏడాదికి కురియు వాన ఎనిమిది అంగుళములు మాత్రమే. కరవుసీమ యని మనము చెప్పుకొను అనంతపురమున ఇంతకు రెండింతలకు పైగా కురియును. ఇంకను దక్షిణమున, అరవా లోయలో, ఏడాదికి ఒక్క అంగుళము పడుటయే గొప్ప.

ఇట్టి చోట ఒంటరి సంసారము నిలువదు. నేలను గట్లు వేసి పంచుకొనవచ్చును గాని, ఆమడల దూరమునుండి గొట్టములో రావలసిన నీటిని ఏ ఒక్క రైతు తెచ్చుకొనగలడు? 1946 అక్టోబరు 5వ తేదీ రాత్రి, బ్రిటిషు పాలన ఇంకను సాగుచుండగా, నెగెవ్‌లో ఒక్కసారిగా పదునొకండు గ్రామములకు గుంజలు పాతిరి. 1947లో వానికి నీటిగొట్టము వేసిరి. యుద్ధకాలమున లండను నగరములో మంటలార్పుటకు వాడిన పాతగొట్టములనే కొని తెచ్చిరి. ఆ పనిని నడిపిన ఇంజనీరు సింఖా బ్లాస్. ఆ పేరు మరల వినవలసి వచ్చును.

ఆ గ్రామములలో నియమమొక్కటే: శక్తికొలది పని, అవసరముకొలది అనుభవము. జీతము లేదు. వంటశాల యొకటి, భోజనశాల యొకటి. గిన్నెలు కడుగుట, వడ్డన, పాలుపిదుకుట వంతులవారీగా వచ్చును. ఊరి కార్యదర్శికిని వంతు తప్పదు. పెద్ద విషయములన్నియు సర్వసభ్యసభలో చేతులెత్తి తేల్చుకొందురు. క్రొత్తవాడు చేరదలచినచో ఏడాదియో అంతకు మించియో వారితో పని చేసి, తిని, మసలవలెను. ఆ తరువాతనే సభ ఓటు వేయును. ఈ పరీక్ష వచ్చినవానికి మాత్రమే కాదు, చేర్చుకొనువారికిని మేలే. వియ్యమందుటకు ముందు ఇరువైపులవారును విచారించుకొనరా?

ఆ పదునొకండు ఊళ్లలో బీర్‌షెబా చెంతనున్న హట్జెరీమ్ ఒకటి. వారి నేలలో ఉప్పు మెండు; వేసిన పైరు ఎండిపోవుచుండెను. 1959 నాటికి ఊరు విడిచి పోవుదమా, నిలుతమా అను ప్రశ్న సభ ముందుకు వచ్చినది. నిలుతమని వారు ఓటు వేసిరి. నీటితో నేలను మరల మరల కడిగి ఉప్పును లోతునకు దింపిరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క చెక్క పంచియున్నచో, ఉప్పునేల వచ్చినవాడు మొదటి యేడే మూట గట్టుకొని పోయెడివాడు. నష్టమును ఊరంతయు పంచుకొనినందుననే ఊరు నిలిచినది.

ఆపైని 1965లో సింఖా బ్లాస్ వారితో ఒడంబడిక చేసికొనెను. మొక్క మొదట బొట్టుబొట్టుగా నీరు విడుచు ప్లాస్టిక్ గొట్టము అతని కల్పన. నేతాఫిమ్ అను పేర వారు దానిని తయారుచేయసాగిరి. గిరాకి పెరిగెను, చేతులు చాలకపోయెను. కూలివారిని పెట్టుకొన్నచో తాము యజమానులగుదుమని జంకి, 1974లో మగల్ గ్రామమును, 1979లో యిఫ్తా గ్రామమును వాటాదారులుగా చేర్చుకొనిరి. 2018లో ఆ కంపెనీలో నూటికి ఎనుబది పాళ్లు మెక్సికో దేశపు సంస్థ పరమైనది. హట్జెరీమ్ అయిదవవంతు ఉంచుకొనెను. వ్యాపారము పెరిగినకొలది నియమమును కాపాడుకొనుట ఎంత కష్టమో దీనివలన తెలియును.

కష్టములు దీనితో ముగియలేదు. 1984లో ఆ దేశమున ధరల పెరుగుదల ఏడాదికి నాలుగువందల శాతము దాటినది. 1985లో ప్రభుత్వము దానిని అరికట్టగా, అప్పులు తెచ్చి విరివిగా కట్టడములు కట్టిన గ్రామములు వడ్డీక్రింద నలిగినవి. అనేక గ్రామములు క్రమముగా జీతములలో తేడాలు పెట్టుకొనినవి. తొలి గ్రామమైన దెగాన్యాయే 2007లో ఆ మార్గము పట్టినది. పిల్లలు తల్లిదండ్రులకడ గాక వేరుగా పిల్లల ఇండ్లలో నిద్రించు ఏర్పాటును అంతకు ముందే విడిచిరి. అయినను 1973లో అరవా లోయలో వెలసిన కెతురా వంటి గ్రామములు ఉమ్మడి పద్ధతినే నిలుపుకొనినవి. ఖర్జూరతోటలకు తోడు, 2011లో అచ్చట సూర్యరశ్మితో విద్యుత్తు తీయు క్షేత్రమును నెలకొల్పిరి. తమను మాడ్చిన ఎండనే రాబడిగా మార్చుకొనిరి.

ఇంకొక మాట చెప్పక విడుచుట న్యాయము కాదు. నెగెవ్ నిర్జనభూమి కాదు. బెడూయిన్ అరబ్బు తెగలు అచ్చట తరతరములుగా మందలు మేపుకొనుచు, వానపడిన యేట బార్లీ విత్తుకొనుచు బ్రతికిరి. 1948 యుద్ధకాలమున వారిలో అధికభాగము ఆ నేలను వీడవలసివచ్చెను. మిగిలినవారిలో పెక్కుమందిని ఒక మూలకు చేర్చిరి. భూమి తగవులు నేటికిని తీరలేదు. ఈ ఉమ్మడి పంక్తిలో వారికి పీట వేయలేదు. ఏ సహకారసంఘమునైనను లోపలివారి ప్రేమనుబట్టియే కాక, వాకిటనున్నవారి గతినిబట్టియు తూచవలెను.

మన మెట్టసీమలలో బొట్టుసేద్యము నేడు పరిచితమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మసేద్య పథకము 2003లో ఆరంభమైనది. గొట్టము మనయొద్దకు వచ్చినది. దాని వెనుకనున్న సభ మాత్రము అంతగా రాలేదు. ఒకే వాగునకు ఎగువను దిగువను ఎవరికి వారు బోరులు దింపుకొనుచు, పొరుగువాని బోరుకన్న లోతునకు పోవుటయే ఉపాయమని తలచుచున్నాము. భూగర్భజలమునకు గట్లు లేవు.

కావున సంఘము పెట్టదలచినవారును, ఉన్నదానిలో చేరదలచినవారును మొదట మూడు ప్రశ్నలు వేసికొనవలెను. లెక్కలపుస్తకమును ఎవరైనను తెరచి చూడవచ్చునా? నష్టము వచ్చిన యేడు దానిని ఎవరు మోయుదురు? విడిచిపోదలచినవాడు తన పాలుతో మర్యాదగా పోవుటకు దారి కలదా? ఈ మూడింటికి సమాధానము వ్రాసిపెట్టుకొన్న తరువాతనే పొయ్యి రాజవేయుట మంచిది. అందరు కలిసి తినుట సుఖమే. కలిసి లెక్క చూచుకొనుట అంతకన్న ముఖ్యము.