ఖనిజం కోసమే యుద్ధమా? బస్తర్‌లో ఈ ప్రశ్న ఎలా అడగాలి

(విద్యార్థులు, పరిశోధకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధాలు చమురు కోసమే జరుగుతాయా అన్నది పాత ప్రశ్నే. 1951లో ఇరాన్ తన చమురును జాతీయం చేసుకుంది. 1953లో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కలిసి ప్రధాని మొసాదెక్‌ను కూలదోశాయి. 2003లో సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని చెప్పి అమెరికా ఇరాక్ మీద పడింది. ఆయుధాలు దొరకలేదు. చమురు మాత్రం అక్కడే ఉంది.

దీన్ని కాదనే పండితులూ ఉన్నారు. చమురు బావులు పట్టుకోవడానికే దేశాలు పెద్ద యుద్ధాలకు దిగడం అరుదని ఎమిలీ మీర్‌డింగ్ 2020లో ‘ది ఆయిల్ వార్స్ మిత్’ అనే పుస్తకం రాసింది. దండెత్తి, ఆక్రమించి, నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు ముందు వచ్చే లాభం చాలదన్నది ఆమె వాదన. కొట్టిపారేయదగ్గ వాదన కాదు. కానీ అది దేశాల మధ్య లెక్క. ఖనిజం సొంత సరిహద్దు లోపలే ఉంటే దండెత్తే పని లేదు. భూసేకరణ నోటీసు, అటవీ అనుమతి, పోలీసు క్యాంపు ఉంటే సరిపోతుంది. అందుకే బస్తర్ గురించి మాట్లాడుతున్నాను.

విశాఖ నుంచి అరకు వెళ్లే కిరండూల్ రైలు మనలో చాలామంది ఎక్కే ఉంటారు. ఆ లైను వేసింది మనకు సొరంగాలూ లోయలూ చూపించడానికి కాదు. 1960లో మన ప్రభుత్వం జపాన్ ఉక్కు కంపెనీలకు బైలాడిల్లా ఇనుప ఖనిజం అమ్మడానికి ఒప్పుకుంది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి లైను పడింది. 1968లో కిరండూల్‌లో ఎన్‌ఎండీసీ తవ్వకం మొదలుపెట్టింది. దంతెవాడ కొండ భవిష్యత్తు ఢిల్లీ, టోక్యోల మధ్య తేలిపోయింది. అది విదేశాంగ విధానమే. ఆ బేరంలో కొండ కింది ఆదివాసీ ఊళ్లకు చోటు లేదు.

అయితే ‘బస్తర్ యుద్ధం ఖనిజం కోసమే’ అని ఒక్క మాటలో తేల్చేస్తే తేదీలు అడ్డొస్తాయి. పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటింది 1980లో. అప్పటికే పన్నెండేళ్లుగా ఖనిజం తరలిపోతోంది. దళాలకు జనం దగ్గరైంది తునికాకు కూలి రేటు దగ్గర, అటవీ సిబ్బంది వసూళ్ల దగ్గర.

2005 జూన్‌కు వద్దాం. లోహండిగూడలో ఉక్కు కర్మాగారానికి టాటాలతో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. అదే నెలలో సల్వాజుడుం మొదలైంది. రెండూ ఒకే నెలలో రావడం రుజువు కాదు. కానీ 2011 జూలై 5న సల్వాజుడుం కేసులో తీర్పు ఇచ్చిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ఎస్‌పీవోలుగా దింపడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పి ఊరుకోలేదు. రాజ్యం అండతో సాగే దోపిడీ పెట్టుబడి గనుల పరిశ్రమల చుట్టూ వేళ్లూనుకుంటోందని కూడా గుర్తించారు.

ఉద్దేశం ఎవరి మనసులో ఏముందో తవ్వితీయడం కష్టం. సమ్మతి అలా కాదు, దానికి కాగితం ఉంటుంది. బైలాడిల్లాలో ఒక కొండ పేరు ఫైళ్లలో ‘డిపాజిట్ 13’. ఊళ్లవాళ్లకు అది నందరాజ్ దేవుడి కొండ. అక్కడి గని తవ్వే కాంట్రాక్టు అదానీ సంస్థకు వెళ్లింది. 2014లో హిరోలీ గ్రామసభ ఒప్పుకుందని కాగితం చూపించారు. అలాంటి సభే జరగలేదు, సంతకాలు దొంగవి అని 2019 జూన్‌లో వేలమంది కిరండూల్‌లో బైఠాయించారు. ప్రభుత్వం పనులు ఆపి విచారణకు ఆదేశించాల్సి వచ్చింది. లోహండిగూడలోనూ అంతే. టాటాలు 2016లో వెనక్కి తగ్గారు, 2019లో భూమి రైతులకు తిరిగొచ్చింది. మరి 2021 మేలో సిల్గేర్‌లో? మా ఊరిని అడగకుండా క్యాంపు ఎలా పెట్టారని నిలదీసిన జనం మీద కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు.

1949 సెప్టెంబర్‌లో రాజ్యాంగ సభ ముందు ఐదో షెడ్యూలును పెట్టింది బాబాసాహెబ్. ఆదివాసీ సలహా మండలికి తగినంత అధికారం లేదని అదే చర్చలో జైపాల్ సింగ్ ముండా అభ్యంతరం చెప్పాడు. ఆ లోటును కొంతైనా పూడ్చడానికి 1996లో పెసా, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాయి. అంబేడ్కరైట్లుగా మనం బాబాసాహెబ్ పనినీ, జైపాల్ సింగ్ అభ్యంతరాన్నీ కలిపి చదవాలి.

ఇది పక్క రాష్ట్రం గొడవ అనుకోవద్దు. ఖనిజం దిగేది విశాఖ రేవులో. సల్వాజుడుం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఉన్నది ఖమ్మం, ములుగు అడవుల్లో. గుత్తికోయలని మనం పిలిచే వాళ్లకు ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు, అటవీశాఖ గుడిసెలు పీకేస్తుంది. ఖనిజానికి సరిహద్దు అడ్డు రాలేదు, మనుషులకే వచ్చింది.

మావోయిస్టులు లేకుండా పోతే బస్తర్‌లో శాంతి వస్తుందని ప్రభుత్వం అంటోంది. తుపాకులు ఆగితే అందరికన్నా ముందు సంతోషించేది ఆ ఊళ్లే. కానీ ఆ రోజు మనం చూడాల్సింది ఒకటుంది. మావోయిస్టు అన్న ముద్ర వేయడానికి వీల్లేని రోజున, గ్రామసభ ‘వద్దు’ అంటే ఆ మాట చెల్లుతుందా? చెల్లితే యుద్ధం ఖనిజం కోసం కాదని నమ్ముదాం. చెల్లకపోతే మన పాత ప్రశ్నకు జవాబు దొరికినట్టే. పరిశోధకులుగా మీరు చేయగల పని ఇదే: గ్రామసభ రిజిస్టర్లు తెరిపించండి, సంతకాలు పెట్టారంటున్న మనుషుల్ని కలవండి, వాళ్లు చెప్పింది రాయండి.

జై భీమ్. జోహార్.