గేర్‌బాక్స్ దించక ముందు

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పదో తరగతి పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పమన్నారు. ముప్పై ఏళ్లుగా బండ్లతో బతుకుతున్న ఇంజనీరును కాబట్టి నాకు తెలిసిందే చెబుతాను. క్లచ్ గురించి. 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి, మీకు ఈ మాట కొత్తేమీ కాదు.

పిల్లలూ, రెండు అరచేతులూ ఒకదానికొకటి గట్టిగా అదిమిపట్టండి. కుడిచేయి తిప్పితే ఎడమచేయి వెంట వస్తుంది. క్లచ్ అంటే ఇంతే. ఇంజనుతో పాటు తిరిగే ఫ్లైవీల్ ఒక పక్క, స్ప్రింగ్ బలంతో అదిమే ప్రెషర్ ప్లేటు ఇంకో పక్క, నడుమ గేర్‌బాక్స్‌కు తగిలించిన క్లచ్ ప్లేటు. పెడల్ తొక్కితే ఆ పట్టు వదులుతుంది. ఇంటికి పోయినాక చేతులకు శెనక్కాయ నూనె పూసుకుని మళ్లీ అదమండి, ఎంత బలం పెట్టినా జారతాయి. ఈ నూనె సంగతికి మళ్లీ వస్తాను.

1992లో నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నాను. మా మేనమామకు బాడుగ జీపు ఉండేది. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే బాగా పడిందనుకునే సీమ మనది. ఆ ఏడు చేన్లో కాయ పట్టలేదు, జీపే ఇల్లు నడపాలి. కదిరి తేరు దగ్గర పడుతోంది. సరిగ్గా అప్పుడే జీపు మొండికేసింది. ఎక్కుడు వస్తే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం కదలదు.

నేను పరీక్ష చేశాను. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, మెల్లగా క్లచ్ వదిలాను. పట్టు ఉంటే ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగలేదు. "ప్లేటు పోయింది మామా" అన్నాను, డిగ్రీ ఉంది కదా. మామ మారుమాట్లాడకుండా అత్త గొలుసు కుదువపెట్టి కొత్త ప్లేటు తెచ్చాడు. పాత ప్లేటు నల్లగా, జిడ్డుగా ఉంది. పాతది అట్లే ఉంటుందనుకుని పక్కన పారేశాను.

ఇరవై రోజులకు జీపు మళ్లీ జారింది.

నా బెంచీవాడు ఒకడు ఏడో తరగతితో బడి మానేసి షెడ్డులో చేరాడు. ఇప్పుడు మూడో వరుసలో కూర్చున్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. వాడు స్పానర్ ముట్టుకోకుండా ముందు అడగడం మొదలుపెట్టాడు. "పొద్దున జారుతుందా, వేడెక్కినాకనా? రివర్స్ పడేటప్పుడు గరగరలాడుతుందా?" గరగరలాడితే పట్టు పూర్తిగా వదలడం లేదని, అది వేరే జబ్బని నాకు చెప్పాడు. తర్వాత పెడల్‌ను చేత్తో నొక్కి చూశాడు. పైన కాస్త ఆట ఉండాలి. ప్లేటు అరిగేకొద్దీ ఆ ఆట తగ్గుతుంది, అసలే లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఒత్తుకుని మంచి ప్లేటు కూడా జారుతుంది. మాదాంట్లో ఆట సరిగానే ఉంది. అప్పుడు కింద దూరి, క్లచ్ గూడు అడుగున వేలితో తుడిచి వాసన చూశాడు. "గేర్ ఆయిలైతే గంధకం కంపు కొడతాదప్పా. ఇది ఇంజన్ ఆయిల్. వెనక సీల్ కారుతాంది. నువ్వు పారేసిన ప్లేటు చెప్పలేదా నీకు?"

చెప్పింది. వినలేదు. గేర్‌బాక్స్ దించినప్పుడే ఫ్లైవీల్ కూడా విప్పి సీల్ మార్చి ఉంటే చిన్న ఖర్చుతో పోయేది. ఇప్పుడు మళ్లీ దించాలి, మళ్లీ ప్లేటు. నూనె తాగిన లైనింగ్‌ను పెట్రోలుతో కడిగితే సరిపోతుందనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కడిగింది నాలుగు రోజులు పట్టుకుంటుంది, వేడెక్కితే లోపలి నూనె పైకొస్తుంది.

రెండో ప్లేటు వాడే అరువు తెచ్చాడు. పాత గేర్‌బాక్స్ షాఫ్టు ముక్క మధ్యలో దూర్చి ప్లేటును నడిమికి సరిచేసి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాడు. ఇద్దరం కలిసి ఆ గూట్లోని దుమ్ము గాలి కొట్టి దులిపాం. ఆ రోజుల్లో లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, పీలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు. మీరు అట్లా చేయకండి, తడిగుడ్డతో తుడవండి.

జీపు తేరుకు పోయింది. గొలుసు మాత్రం మూడేళ్లకు గాని ఇంటికి రాలేదు. అత్త నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ కష్టమైంది.

ఈ రోజు పొద్దున బెంగళూరు నుంచి నా కారులో వచ్చాను. గేటు దగ్గర వీడు నిలబడి ఉన్నాడు. నన్ను పలకరించే ముందు బానెట్ వైపు చెవి పెట్టాడు.

"క్లచ్ తొక్కితే ఆ రొద ఆగుతాదా?"

తొక్కాను. ఆగింది.

"అయితే క్లచ్ కాదులే, గేర్‌బాక్స్ బేరింగు మాదిరుంది. సోమవారం దాకా ఉంటావా?"

ఉంటానన్నాను.