తిన్నది ఒంటికి పట్టాలంటే

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో వాడరేవు పొదుపు గ్రూపుల తరఫున చేసిన ప్రసంగం)

 

ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చెప్పుకుంటాం. ఆ లెక్కలు నివేదికలో ఉండనే ఉన్నాయి. మేము ఈసారి ఇంకో లెక్క తెచ్చాం. మనం తిన్నదాంట్లో ఒంటికి పట్టేది ఎంత అనే లెక్క.

మన ఇళ్ళల్లో ఒక మాట ఉంది. "పిల్లోడు తింటున్నాడు గానీ ఒంటికి పట్టటం లేదు" అని. దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది, "తల్లి సరిగ్గా చూట్టం లేదు" అని. ఈ మాట పడని కోడలు మా గ్రూపుల్లో లేదు. గుడ్డు పెడుతుంది, పప్పు పెడుతుంది, పాలు తాగిస్తుంది. అయినా బిడ్డ బరువు పెరగడు. ఐరన్ మాత్రల సంగతీ అంతే. నెలల తరబడి మింగినా కొందరికి రక్తం పెరగదు. ఎందుకని అడిగితే తెలిసిన సంగతులు చెప్తున్నాం.

మన చిన్న పేగు సుమారు 20 అడుగుల పొడుగు. దాని లోపలి గోడ టర్కీ టవలు లాగా సన్నటి పోగులతో నిండి ఉంటుంది. అన్నంలోని సారం ఆ పోగుల్లోంచే రక్తంలోకి ఇంకుతుంది. ఆ గోడలోనే, దాని వెనకాలే కాపలా కణాలు ఉంటాయి. మన ఒంట్లో రోగాన్ని అడ్డుకునే కణాలు పేగు దగ్గర చాలా ఉంటాయి. బయటి సరుకు రోజూ దిగేది అక్కడే కదా. అన్నాన్ని రానివ్వాలి, క్రిమిని ఆపాలి, అదీ వాటి పని. ఇవి రోగం వచ్చినప్పుడే కాదు, మామూలు రోజుల్లోనూ పేగుకు సంకేతాలు ఇస్తాయి. ఏ తిండిని ఎంత పీల్చుకోవాలనే దాంట్లో వాటి పాత్ర ఉందని 2021లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఎలుకల్లో చూశారు.

గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గేటు దగ్గర రోజూ గొడవైతే టిక్కీలు లోపలికి పోవు, బండ్లు బయటే నిలబడతాయి. పేగులోనూ అదే జరుగుతుంది. చేతికి అంటిన మలం, కలుషితమైన నీళ్ళు, ఈగలు వాలిన తిండి రోజూ లోపలికి పోతుంటే కాపలా కణాలు ఎప్పుడూ యుద్ధంలోనే ఉంటాయి. ఆ వేడికి పోగులు పొట్టివైపోతాయి, గోడ సందులు వదులవుతాయి. విరేచనాలు లేకపోయినా ఇది జరగొచ్చు. పైకి ఆరోగ్యంగా కనపడే పల్లె జనం పేగుల్లో కూడా ఇలాంటి మార్పులు ఉన్నాయని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు ఏనాడో గమనించారు.

ఇనుము విషయం ఇంకా చిత్రం. క్రిములకి కూడా బతకటానికి ఇనుము కావాలి. అందుకని ఒంట్లో యుద్ధం జరుగుతుంటే కాపలా కణాల కబురు అందుకుని కాలేయం హెప్సిడిన్ అనే పదార్థం వదులుతుంది. అది పేగులోంచి ఇనుము రక్తంలోకి పోయే దారి మూసేస్తుంది. అలాంటప్పుడు మాత్ర మింగినా చాలా భాగం పేగులోనే ఉండిపోతుంది. అట్లాగని మాత్రలు మానొద్దు. మాత్రతో పాటు యుద్ధాన్నీ ఆపాలి.

మన తెలుగువాళ్ళకి ఈ పేగు జబ్బు కొత్తది కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బులో పేగు గోడ దెబ్బతిని తిన్నది ఇంకదు, రక్తం పడిపోతుంది. ఆయనకీ అదే జబ్బు వచ్చి బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్ళారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది. అది స్ప్రూకి మందయింది. ఈనాడు ఆశా కార్యకర్త మన చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో ఐరన్‌తో పాటు ఉన్నది ఆ ఫోలిక్ యాసిడే. దాన్ని చెత్తలో పడేసేముందు ఆ సంగతి తలుచుకుందాం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనతే. అంటే ఈ సభలో కూర్చున్నవాళ్ళలో సగం మందికి పైనే ఉండొచ్చు.

మరి ఏం చేద్దాం? ఇంట్లో చేసుకునేవి ముందు. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు, టీ ఇనుమును అడ్డుకుంటుంది. నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే బాగా ఇంకుతుంది. ఆకుకూరలో నాలుగు నెత్తళ్ళు వేసుకుంటే ఆకులోని ఇనుము కూడా ఒంటికి పడుతుంది. నెత్తళ్ళకి మా ఊళ్ళో కొదవ లేదు. గర్భిణులు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు మాత్ర వేసుకోవాలి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల మాత్ర రోజులు, ఏ పిల్లనీ తప్పించొద్దు. విరేచనాలైతే ఓఆర్ఎస్, దాంతో పాటు 14 రోజులు జింకు ఇవ్వాలి. తిండి మాత్రం ఆపొద్దు.

ఇక ఊరు చేయాల్సినవి. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వే దేశాల్లో కొన్ని ఇళ్ళకి మరుగుదొడ్డి, సబ్బు, నీళ్ళలో కలిపే మందు ఇచ్చి చూశారు. వాటివల్ల పిల్లల ఎత్తు పెరగలేదు, అదనపు పోషకాహారం ఇచ్చినచోట కొద్దిగా పెరిగింది. దీన్నిబట్టి మాకు అర్థమైంది ఒకటే. ఒక ఇల్లు బాగుపడి పక్కిల్లు అట్లాగే ఉంటే ఈగ ఆ గోడ దాటి వస్తుంది. వీధి వీధంతా కదలాలి. ఒక్క ఇల్లాలి వల్ల కాని పని ఇది, సమాఖ్య వల్లే అవుతుంది.

పొదుపు సంఘానికి మరుగుదొడ్ల గోల ఎందుకని కొందరక్కలు అంటున్నారు. రక్తం లేని మనిషి మిరప చేలో పొద్దంతా వంగి కాయ కొయ్యలేదు, చేపల గంప నెత్తినెత్తుకుని చీరాల దాకా తిరగలేదు. కూలి పోతే కిస్తీ ఆగుతుంది. ఆస్పత్రికని తీసుకున్న అప్పులు మన పుస్తకాల్లో ఎన్ని ఉన్నాయో తిరగేసి చూడండి. ఇది పొదుపు మాటే.

అందుకని మూడు తీర్మానాలు కోరుతున్నాం. పాడైన మరుగుదొడ్ల బాగుకి గ్రామ సమాఖ్యల నుంచి తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వాలి. మురుగు కాలవల్లోంచి పోయే మంచినీటి గొట్టాలు మార్చమని ప్రతి ఊళ్ళోనూ పంచాయతీకి అందరం కలిసి అర్జీ పెట్టాలి. గ్రూపు సమావేశంలో పొదుపు కట్టేటప్పుడే ఎవరి రక్తం ఎంత ఉందో రాసుకోవాలి.

నాలుగోదానికి తీర్మానం అక్కర్లేదు. బిడ్డ సన్నంగా ఉంటే ఇకనుంచి తల్లిని అనే ముందు, ఆ ఇంటికొచ్చే నీళ్ళు ఎట్లా ఉన్నాయో ఒకసారి చూసొద్దాం.