కళ్ళంలో మేర: సమాజశాస్త్ర దృక్పథాలు

కోతలు ముగిసి కళ్ళంలో ధాన్యం రాశి పడిన నాటి దృశ్యాన్ని మన పెద్దలు ఎరుగుదురు. రైతు ధాన్యాన్ని గాదెకు చేర్చక మునుపే కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి, చాకలి అక్కడికి వచ్చేవారు. ఏడాది పొడుగునా చేసిన పనికి తమ వంతు గింజలను కళ్ళంలోనే కొలిపించుకొని పోయేవారు. దీనికే మేర అని పేరు. నేడు చాలా గ్రామాలలో ఆ వాడుక అంతరించినది. కాని ఇటువంటి ఏర్పాటును గురించి సమాజశాస్త్రజ్ఞుల మధ్య రేగిన వాదం మాత్రం నేటికీ ఆలోచింపదగినదిగానే ఉన్నది. దానిని ఆధారంగా చేసుకొని ఆ శాస్త్రంలోని ముఖ్య దృక్పథాలు మూడింటిని శ్రోతలకు పరిచయం చేయదలచినాము.

సమాజశాస్త్రానికి ఆ పేరు వచ్చి రెండు వందల ఏళ్ళు కూడా కాలేదు. ఫ్రాన్సు దేశీయుడైన ఆగస్టు కోంత్ 1830ల చివర ఆ పేరును ప్రచారంలోనికి తెచ్చినాడు. శాస్త్రం వయస్సు చిన్నదే అయినా అందులో అభిప్రాయభేదాలు మెండు.

మొదటిది ప్రకార్యవాదం. సమాజం ఒక శరీరం వంటిదనీ, అందులోని ప్రతి ఆచారమూ అవయవం వలె మొత్తానికి ఏదో ఒక పని చేసిపెడుతుందనీ ఈ వాదుల అభిప్రాయం. ఇది దేనిని నిలబెడుతున్నది అన్నదే వీరు వేసే ప్రశ్న. ఒకరి పని మరొకరికి అవసరమైనప్పుడు ఆ అవసరమే వారిని కలిపి ఉంచుతుందని ఫ్రెంచి పండితుడు ఎమిలీ డర్క్‌హైం 1893లో శ్రమవిభజనపై వెలువరించిన గ్రంథంలో వాదించినాడు. అమెరికా దేశీయుడైన విలియం వైజర్ నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఒక గ్రామంలో సంవత్సరాల తరబడి నివసించి, దానికి కరీంపూర్ అని మారుపేరు పెట్టి, అక్కడి వృత్తికులాల ఇచ్చిపుచ్చుకోళ్ళను 1936లో గ్రంథస్థం చేసినాడు. ఉత్తరాదిలో దీనిని జజ్మానీ అంటారు. ప్రతి కులమూ తక్కిన కులాలకు సేవ చేస్తూ, తానూ సేవ పొందే వ్యవస్థగా అతడు దానిని చిత్రించినాడు. హైదరాబాదుకు సుమారు 25 మైళ్ళ దూరంలోని శామీర్‌పేటపై ఎస్.సి. దూబే గారు 1955లో ప్రకటించిన ‘ఇండియన్ విలేజ్’ గ్రంథంలోను వృత్తికులాలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉండే తీరు వివరంగా కనబడుతుంది. ఈ చూపుతో చూస్తే మేర ఒక భద్రత. కమ్మరికి ఏటా ఇంత గింజ దక్కేది. కర్రు అరిగిననాడు రైతుకు కమ్మరి దొరికేవాడు.

విద్యార్థి దశలో ఈ చిత్రం మాకు ఎంతో ఇంపుగా తోచినది. అందుకు కారణం తరువాత తెలిసినది. మా ఇంటివారు కళ్ళంలో కొలిచి ఇచ్చే వైపు నిలిచినవారు. పట్టిన గోనె ఎంత నిండినదో చూచుకొనే వైపు మేము ఏనాడూ నిలువలేదు.

రెండవదైన సంఘర్షణవాదం ఆ వైపుననే నిలుస్తుంది. దీనికి ప్రధాన ఆధారం కారల్ మార్క్స్ రచనలు. భూమి వంటి ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నవో వారి మాటే చెల్లుతుందనీ, పైకి సామరస్యంగా కనబడే చోట కూడా ప్రయోజనాల ఘర్షణ ఉంటుందనీ ఈ వాదుల నిశ్చయం. జజ్మానీపై 1959లో పుస్తకం ప్రకటించిన బైడెల్మన్, దానికి మూలం భూమిపై అధికారమేననీ, అది సమానుల మధ్య జరిగిన మార్పిడి కాదనీ, దోపిడి అనీ తేల్చినాడు. నిజాం పాలనలోని తెలంగాణలో వృత్తులవారు గడీలకు కూలి లేకుండా చేసిన వెట్టిని ఎరిగినవారికి ఈ మాట కొత్తగా తోచదు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించినది. ప్రకార్యవాదులలో ఒకడైన రాబర్ట్ మెర్టన్ సైతం 1949 నాటికే, ఒక ఆచారం కొందరికి మేలూ మరికొందరికి కీడూ చేయవచ్చునని హెచ్చరించినాడు.

మూడవ దృక్పథం గ్రామమంతటినీ ఒక్కసారి చూడబోదు. కళ్ళంలో నిలిచిన ఇద్దరు మనుషుల మాటలను చెవియొగ్గి వింటుంది. ఇతరులు మనను చూచే చూపులోనుండియే మనకు ‘నేను’ అన్న భావం ఏర్పడుతుందని అమెరికా తత్త్వవేత్త జార్జి హెర్బర్ట్ మీడ్ బోధించినాడు. అతని ఉపన్యాసాలు 1934లో, అతడు మరణించిన మూడేళ్ళకు, గ్రంథంగా వెలువడినవి. ఈ వాదానికి ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం అన్నది కొంత బరువైన పేరు. తెలుగువారికి దానిని బోధించడానికి ‘ఏరా’, ‘ఏమయ్యా’, ‘ఏమండీ’ అనే మూడు పిలుపులు చాలును. నెరసిన తల గల చాకలిని పదేళ్ళ పిల్లవాడు ‘ఏరా’ అని పిలిచినప్పుడు, ఆ ఒక్క మాటతో ఇద్దరికీ వారి వారి స్థానాలు తెలిసిపోయేవి. అదే చాకలి కుమారుడు చదువుకొని అధికారిగా తిరిగివస్తే, పిలువబోయిన పెద్దమనిషి నోరు ఒక క్షణం తడబడుతుంది. ఆ తడబాటులో సమాజం మారుతున్నదని ఈ వాదులు గ్రహిస్తారు.

ఈ మూడింటిలో ఏది సత్యమని శ్రోతలు అడుగవచ్చును. ఒక్కొక్కటీ ఒక్కొక్క ప్రశ్నను నేర్పుతున్నది. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క మరుగు ఉన్నది. మొదటిది బంధాన్ని చూచి బాధను మరచిపోగలదు. రెండవది బాధను చూచి, మనుషుల మధ్య పెరిగే ఆప్యాయతను తక్కువగా అంచనా వేయగలదు. మూడవది మాటను విని, ఆ మాట వెనుక ఉన్న భూమిని మరువగలదు.

కళ్ళం మనకు దూరమైనా ఈ ప్రశ్నలు దూరం కాలేదు. మన ఇళ్ళలో అంట్లు తోమి, బట్టలుతికే మనిషిని గురించి, ‘మా ఇంటి మనిషి వలెనే చూచుకొంటున్నాము’ అని మనలో చాలమంది అంటుంటాము. ఆ మాట అబద్ధం కాకపోవచ్చును. అయినను నేటి సాయంకాలం మూడు ప్రశ్నలు వేసికొందము. ఈ ఏర్పాటు ఎవరి అవసరాలను తీరుస్తున్నది? ఇష్టం లేని పనిని ఆమె కాదనగలదా? మన పిల్లలు ఆమెను ఏమని పిలుస్తున్నారు? మూడవ ప్రశ్నకు జవాబు చెప్పడానికి గ్రంథాలు తిరగవేయనక్కరలేదు. రేపు ఉదయం ఆమె తలుపు తట్టినప్పుడు వింటే చాలును.