కొట్టిన చెయ్యి ఎవరిది?



మా అయ్య డప్పు కొట్టీవోడు. కేసెట్ల కాలంలో ఒకాయన విజయనగరం పిలిపించి, రాత్రంతా రికార్డు చేసుకుని, టీ నీళ్లూ బస్సు చార్జీ ఇచ్చి పంపేశాడు. కేసెట్టు అమ్ముడుపోయింది. అట్ట మీద అయ్య పేరు లేదు.

వంగపండు పేరు ఆయన పాటతోనే నిలిచింది. పేరు లేకుండా పోయిన మనోళ్లు ఎందరో!

"జానపదం అందరిదీ" అంటారు. పాట ఊరిదే. పాడిన గొంతు, కొట్టిన చెయ్యి ఎవరివి? కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ కళాకారుడికి హక్కిచ్చింది: అడక్కుండా రికార్డు చేసి అమ్ముకోకూడదు. 2012 సవరణ వ్యాపారానికి వాడితే రాయల్టీ ఇమ్మంది.

ఇప్పుడు సెల్‌ఫోన్లొచ్చాయి. కాగితం లేకుండా పాడకండి. అందులో పేరు, డబ్బు, ఎక్కడ వాడతారో ఉండాలి. చదువుకున్న గుంటతో చదివించి, అప్పుడు వేలిముద్ర వెయ్యండి.

మా అయ్యని వేలిముద్ర కూడా అడగలేదు. ఆ మాట మీ పిల్లలు చెప్పుకోకూడదు.