భజనకు రెండో ఆంప్ ఎందుకు, ఏది
(సర్వసభ్య సమావేశంలో భజన బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

వంటింట్లోంచి పులిహోర వాసన వస్తోంది, పిల్లలు అప్పుడే విస్తళ్ల వైపు చూస్తున్నారు. అందుకని సూటిగా విషయానికి వస్తాం. భజన బృందానికి ఒక వస్తువు కొనడానికి 200 పౌండ్ల వరకు ఖర్చుపెట్టే అనుమతి అడగడానికి మేము మీ ముందుకు వచ్చాం. ఆ వస్తువు గిటారు ఆంప్లిఫయర్. ఒక ఆంప్ ఉండగా మళ్లీ ఇంకొకటా అని కోశాధికారిగారు ఇప్పటికే అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

శ్రీరామనవమి రోజు ఇక్కడున్న వాళ్లందరికీ జరిగింది గుర్తుండే ఉంటుంది. మూడో భజన చరణంలో ఉండగా గిటారు టక్కున ఆగిపోయింది. హార్మోనియం, మృదంగం ఆగలేదు, పాట సాగిపోయింది. మీలో చాలామంది గమనించి కూడా ఉండరు. కానీ గిటారు వాయిస్తున్న మన అబ్బాయి మిగతా గంటన్నర ఆ తీగల మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. పద్నాలుగేళ్ల పిల్లాడు. స్కూల్లో నేర్చుకున్న వాద్యాన్ని గుడికి తెచ్చుకున్నాడు, ఆ పండక్కి ఆరు వారాలు సాధన చేశాడు. తరవాతి రెండు శనివారాలు రాలేదు. మేము ఫోన్ చేస్తే, "అంకుల్, మళ్లీ ఆగిపోతే?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

మన ఆంప్ ఒక సభ్యులు దయతో ఇచ్చిన పాత వాల్వ్ ఆంప్. శబ్దం బ్రహ్మాండం. బరువు ఇరవై కిలోల పైమాటే, దాన్ని మెట్లెక్కించేది ఎవరో వాళ్ల నడుములకే తెలుసు. ఆ రోజు పోయింది ఒక వాల్వు, దాంతోపాటు ఫ్యూజు. బాగు చేయించాం, ఇప్పుడు పనిచేస్తోంది. కానీ వాల్వు అరిగిపోయే వస్తువు, పాత బల్బులాంటిది. మళ్లీ పోతుంది. ఎప్పుడన్నది చెప్పి పోదు.

"నేరుగా మిక్సర్‌కి కలిపేయొచ్చుగా?" అని చాలామంది అడిగారు. ఆ రోజు మేము చేసింది అదే. పది నిమిషాలు కూడా భరించలేకపోయాం, కందిరీగల తుట్టె కదిపినట్టుంది. దీనికి కారణం చెప్పాలి, ఎందుకంటే కొనేది ఏదన్నది కూడా ఇక్కడే తేలుతుంది. అబ్బాయి కాళ్ల దగ్గర పెట్టుకునే చిన్న పెట్టెలను పెడల్స్ అంటారు. ఒకటి స్వరాన్ని కాస్త గరుకుగా చేస్తుంది, ఒకటి ప్రతిధ్వని ఇస్తుంది, ఒకటి పెద్ద మండపంలో వాయించిన భావన తెస్తుంది. ఆ గరుకు పెడల్‌లోంచి బోలెడంత కీచుదనం కూడా బయటికొస్తుంది. గిటారు ఆంప్‌లోని స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు, కాబట్టి ఆ కీచుదనం అక్కడే ఆగిపోతుంది. హాలులోని పెద్ద స్పీకర్లు పాటకోసం చేసినవి, పైస్వరాలన్నీ విడిచిపెట్టకుండా వినిపిస్తాయి. అంటే గిటారు స్పీకరు జల్లెడలాంటిది. ఆ జల్లెడ లేకుండా పిండి కలిపాం, పలుకులు తగిలాయి.

ఇక పెడల్స్ వాడేవాళ్లకి ఆంప్ ఎలా ఉండాలి? స్వచ్ఛంగా ఉండాలి, అంతే. గరుకు చేసే పని పెడల్ చేస్తోంది కదా, ఆంప్ మళ్లీ తనవంతు గరుకు కలిపితే ప్రతిధ్వని, మండపం అన్నీ కలిసి ముద్దయిపోతాయి. రోలాండ్ కంపెనీ 1975లో తెచ్చిన జేసీ 120 ఈ స్వచ్ఛతకే పేరు పడింది. దాని చిన్న తమ్ముడు జేసీ 22 ఉంది, 30 వాట్లు, పన్నెండు కిలోలకు కాస్త తక్కువ. మనసంతా దానిమీదే ఉంది గానీ ధర మన పరిమితిని దాటిపోతుంది. వదిలేశాం.

వాట్ల గురించి ఒక్క మాట. ఏడు వాట్ల దానికంటే పద్నాలుగు వాట్లది రెట్టింపు గట్టిగా మోగదు. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. అసలు తేడా స్పీకరు సైజులో, దాని నాణ్యతలో ఉంటుంది. మేము బాస్ కటానా మినీ అరువు తెచ్చి ఇక్కడే వాయించి చూశాం. ఏడు వాట్లు, నాలుగు అంగుళాల స్పీకరు, ఆరు చిన్న బ్యాటరీలతో నడుస్తుంది, కిలోంబావు బరువు. ఇంట్లో ముద్దుగా ఉంది. మృదంగం అందుకోగానే గిటారు ఎక్కడికెళ్లిందో తెలియలేదు. రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ కూడా బ్యాటరీల మీదే నడుస్తుంది, అయిదు వాట్లు, అయిదు కిలోల పైచిలుకు. సభ్యుల ఇళ్లలో సత్యనారాయణ వ్రతాలకి, వృద్ధాశ్రమంలో భజనలకి బాగుంటుంది. మన హాలుకి చాలదు.

చివరికి మేము తేల్చుకున్నది వేరే దారి. పెడల్ సైజులోనే పవర్ ఆంప్ దొరుకుతుంది. ఎలెక్ట్రో హార్మోనిక్స్ వాళ్ల 44 మాగ్నమ్ అలాంటిది. ఎనిమిది ఓముల స్పీకరుకి 44 వాట్లు ఇస్తుంది, అరచేతిలో ఇమిడిపోతుంది, పెడల్స్ సంచిలోనే పడి ఉంటుంది. స్పీకరు విడిగా కావాలి. ఇక్కడే మనకు కలిసొచ్చింది. రామనవమి రోజు పోయింది ఆంప్ తప్ప దానిలోని పన్నెండు అంగుళాల స్పీకరు కాదు. పెద్ద ఆంప్ ఆపేసి, స్పీకరు వైరు దాన్నుంచి తీసి, దీనికి గుచ్చితే రెండు నిమిషాల్లో భజన మళ్లీ మొదలవుతుంది. బయటి ఊళ్లకి వెళ్లినప్పుడు వాడుకోమని ఒక సభ్యులు తమ దగ్గరున్న చిన్న స్పీకరు పెట్టె ఇస్తామన్నారు. దాని వెనక ఎనిమిది ఓములనే రాసి ఉంది, చూసుకున్నాం. అంతకంటే తక్కువ ఓముల స్పీకరు ఈ పెట్టెకి కలపకూడదు.

దీనిలో జాగ్రత్తలు లేకపోలేదు. దాని అడాప్టర్ 24 వోల్టులది, మిగతా పెడల్స్ 9 వోల్టులవి. తొందరలో ఒకదాని బదులు ఒకటి గుచ్చితే పెడల్ కాలిపోతుంది, అది అబ్బాయి పుట్టినరోజు డబ్బు. అందుకే ఆ వైరుకి ఎర్ర టేపు చుట్టేద్దామని అనుకున్నాం. దీన్నుంచి వచ్చేది స్పీకరుకి వెళ్లాల్సిన కరెంటు, పొరపాటున కూడా మిక్సర్‌కి కలపొద్దు. గిటారు వైరు, స్పీకరు వైరు పైకి ఒకేలా ఉంటాయి గానీ ఒకటి కావు, స్పీకరు వైరు విడిగా కొనాలి. ఇక పెద్ద వాల్వ్ ఆంప్ స్పీకరు తీసేశాక దాన్ని ఎవరూ ఆన్ చేయొద్దు, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. పిల్లలు స్విచ్చులు చూస్తే ఊరుకోరని మాకూ తెలుసు. ప్లగ్ కూడా పీకేసి పక్కన పెడతాం.

అమెరికాలో మా బావమరిది ఉన్నాడు, చవగ్గా తెప్పిస్తాను అని ఒకరు ఆప్యాయంగా అన్నారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. అక్కడి ఆంప్ ఇక్కడ గుచ్చితే చవక బేరం పొగైపోతుంది. ఇక్కడే వాడిన వస్తువు చూసి, వాయించి కొంటాం. కొన్నాక పీఏటీ పరీక్ష చేయించి స్టిక్కరు వేయిస్తాం, లేకపోతే అద్దె హాళ్ల వాళ్లు గోడకి గుచ్చనివ్వరు. ఉగాదికి మనకు ఆ అనుభవం అయింది.

గుడిలో ఎలక్ట్రిక్ గిటారు ఏమిటని గొణిగేవాళ్లు కొద్దిమంది ఉన్నారు. వాళ్ల మీద మాకు కోపం లేదు. కానీ మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌గారు కర్ణాటక సంగీతం వాయించింది అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే. మామూలు మాండొలిన్‌లో మీటిన స్వరం క్షణంలో చచ్చిపోతుంది, గమకం ఎక్కడ నిలుస్తుంది? కరెంటు సాయం ఉంటే నిలిచింది.

అనుమతిస్తే ఈ నెలలోనే కొంటాం. వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి హాలులో అరువు తెచ్చిన పెట్టెతో వాయించి చూపిస్తాం, గొణిగేవాళ్లు ముందు వరసలో కూర్చోవాలని మనవి. అబ్బాయి వస్తానన్నాడు. కోశాధికారిగారూ, రశీదు మీ చేతికే ఇస్తాం, మిగిలితే చిల్లర కూడా.