పసుపు బూట్లవాళ్లు

బ్రిటన్ తీరప్రాంతపు ప్రాథమిక పాఠశాలల పిల్లలు లైఫ్‌బోట్ స్టేషన్ చూడటానికి వెళ్తుంటారు. అక్కడి సిబ్బంది వేసుకునే పసుపు రబ్బరు బూట్లలో కాళ్లు పెట్టి చూడాలని ఏ పిల్లలకు ఉండదు!

సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే ఇలాంటి స్టేషన్లను నడిపేది ఆర్‌ఎన్‌ఎల్‌ఐ. 1824లో సర్ విలియం హిల్లరీ చొరవతో పుట్టిన ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ విరాళాలతో నడుస్తోంది. సిబ్బందిలో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులే. పేజర్ మోగితే చేతిలో పని వదిలేసి పరుగే. వాళ్ల షానన్ రకం పడవ తలకిందులైనా తనంతట తానే నిటారుగా లేస్తుంది. పెద్దవాళ్లకే నమ్మబుద్ధి కాదు.

పిల్లలకు నేర్పేది మాత్రం చాలా మామూలు సంగతి. నీళ్లలో పడితే చేతులు కొట్టుకోకూడదు. చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి, ఊపిరి కుదుటపడేదాకా వెల్లకిలా తేలాలి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకుండా 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి.